సంఘం సైటులో పిల్లల వివరాలు: రూల్స్ ఎలా రాసుకోవాలి

సంక్రాంతి పోటీలు అయిన వారానికి ఒకావిడ చేతిలో ఫోను పట్టుకుని మా షాపుకొచ్చింది. మా ఊళ్లో నాది జిరాక్స్, డీటీపీ షాపు. యువజన సంఘం వెబ్‌సైట్ చూసేది కూడా నేనే.

"అక్కా, మా పిల్ల పేరు, ఈ నంబరు వీడికెలా తెలిశాయి?" అంది.

ముక్కూమొహం తెలియని నంబరు నుంచి మూడు రోజుల్లో పదకొండు కాల్స్ ఉన్నాయి ఆ ఫోన్లో. వాళ్లమ్మాయి తొమ్మిదో తరగతి. మేం పెట్టిన వ్యాసరచనలో రెండో బహుమతి వచ్చింది. వాడు సాయంత్రం పూట, తల్లి వంటింట్లో ఉండి ఫోను పిల్ల చేతిలో ఉండే వేళ చూసి చేశాడు. "సంఘం నుంచి మాట్లాడుతున్నానమ్మా, నీ వ్యాసం జిల్లాకి పంపుతున్నాం, ఒక ఫోటో పంపు" అన్నాడు. ముందు పాస్‌పోర్టు సైజు ఫోటో అడిగాడు. మర్నాడు నిలువెత్తు ఫోటో కావాలన్నాడు. ఆ మర్నాడు, "అమ్మకి ఇప్పుడే చెప్పకు" అన్నాడు. ఆ మాటకి పిల్లకి భయమేసి తల్లికి చెప్పేసింది.

ఎందుకు నమ్మావని నేను అడగలేదు. తనే చెప్పింది: "మా స్కూలు, మా నాన్న పేరు, ఏ బహుమతి వచ్చిందో కూడా చెప్పాడు ఆంటీ. అవన్నీ సంఘం వాళ్లకి తప్ప ఇంకెవరికి తెలుస్తాయి?"

అవన్నీ మా సైటులోనే ఉన్నాయి. పెట్టింది నేను. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఎక్కించుకున్న ఎక్సెల్ షీటునే పీడీఎఫ్ చేసి 'విజేతలు' అని పెట్టేశాను. పేరు, తరగతి, స్కూలు, తండ్రి పేరు, ఫోన్ నంబరు అని ఐదు గళ్లు, నలభై మూడు మంది పిల్లలు. పిల్లలు మురిసిపోతారని తప్ప ఇంకో ఆలోచన నాకు రాలేదు.

అప్పటికి మా సైటు అడుగున 'ప్రైవసీ పాలసీ' అని ఒక లింకు ఉంది. ఇంగ్లీషులో నాలుగు పేజీలు. సైటు తయారుచేసిన అబ్బాయి ఎక్కడినుంచో తెచ్చి అతికించాడు. కమిటీలో ఎవరూ చదవలేదు, నేనూ చదవలేదు. ఆ నెలలోనే అది తీసేసి, తెలుగులో, ఒకటిన్నర పేజీలో మా రూల్స్ మేం రాసుకున్నాం. రాత్రి తొమ్మిదింటికి చేతిలో ఫోటోలు పెట్టుకుని సైటు ముందు కూర్చున్న మనిషికి ఏం చెయ్యాలో తెలిసేలా ఉంటేనే అది రూలు. మీ ఊళ్లో యువజన సంఘానికో, కబడ్డీ జట్టుకో, వేసవి శిబిరానికో సైటు ఉంటే ఈ పద్ధతి పనికొస్తుంది. ఫేస్‌బుక్ పేజీ, ఇన్‌స్టా ఖాతా ఉన్నా ఇవే వర్తిస్తాయి.

రాయబోయే ముందు, ఇప్పటికే ఏం పెట్టారో చూడండి

కొత్త రూల్స్ రేపటి ఫోటోలకే పనికొస్తాయి. ప్రమాదం ఎక్కువగా ఐదేళ్ల కింద పెట్టి మరిచిపోయిన ఫైళ్లలో ఉంటుంది. అందుకని ఒక ఆదివారం ఇద్దరు కూర్చోండి. ఒకరే అయితే కళ్లకి అలవాటైపోయినవి కనపడవు.

లాగిన్ అవ్వకుండా, ఇన్‌కాగ్నిటో విండో తెరిచి, బయటివాళ్లు చూసినట్టు సైటు చూడండి. తర్వాత గూగుల్‌లో ఇంగ్లీషు అక్షరాలతో 'సైట్' అని కొట్టి, పక్కనే కోలన్ పెట్టి, ఖాళీ వదలకుండా మీ సైటు అడ్రసు ఇవ్వండి. మీ సైటులో గూగుల్‌కి కనపడుతున్న పేజీలు, పీడీఎఫ్‌లు వరసగా వస్తాయి. మెనూలోంచి లింకు తీసేశాం కదా అనుకున్నవి కూడా వస్తాయి, ఎందుకంటే లింకు తీసేస్తే ఫైలు పోదు. మాకు అలా 2017 నాటి శిబిరం జాబితా దొరికింది. అందులో పిల్లల పుట్టినతేదీలు కూడా ఉన్నాయి.

ఫోటోల మీద మౌస్ రైట్ క్లిక్ చేసి ఫైలు పేరు చూడండి. ఫోటో కింద పిల్ల పేరు రాయకపోయినా, ఫైలుకే పిల్ల పేరు, స్కూలు పేరు పెట్టి సేవ్ చేసి ఉంటాం. ఫైలు పేరు కూడా అందరికీ కనపడుతుంది, వెతికితే దొరుకుతుంది.

తీసేసిన తర్వాత గూగుల్ ఫలితాల్లో ఇంకా పాత వివరాలు కనపడుతుంటే కంగారు పడకండి. పాతబడిన వివరాలు తీసెయ్యమని అడిగే ఫారం గూగుల్‌లోనే ఉంది. అలాగే 18 ఏళ్లలోపు పిల్లల ఫోటో వెతుకుడు ఫలితాల్లో వస్తుంటే, తీసెయ్యమని ఆ పిల్లగానీ తల్లిదండ్రులుగానీ అడగొచ్చు. అయితే అది ఫలితాల్లోంచే పోతుంది. అసలు ఫోటో ఉన్న సైటులోంచి వేరేగా తీయించుకోవాలి.

ఫోటో ఉంటే పేరు వద్దు, పేరు ఉంటే ఫోటో వద్దు

మా రూల్స్‌లో అందరికీ నోటికొచ్చిన వాక్యం ఇదొక్కటే. మిగతావి మరిచిపోయినా ఇది గుర్తుంటే చాలా వరకు గట్టెక్కుతాం. మొహం, పేరు, రోజూ ఎక్కడుంటుందో చెప్పే గుర్తు, ఈ మూడూ ఒకచోట చేరితే తెలియనివాడు ఆ పిల్ల ఎదురుగా వచ్చి నిలబడి పేరుపెట్టి పిలవగలడు. పిల్లలు పేరుపెట్టి పిలిచినవాళ్లని తెలిసినవాళ్లే అనుకుంటారు.

మూడో గుర్తు దగ్గరే మనం ఎక్కువ తప్పులు చేస్తాం. యూనిఫాం మీద బ్యాడ్జి, వెనకాల స్కూలు బస్సు, బ్యాగు మీద ట్యూషన్ పేరు, మెడలో ఐడీ కార్డు. ఒకసారి ముగ్గుల పోటీ ఫోటోలో పిల్ల వెనక ఇంటి గేటు, దాని మీద ఇంటి నంబరు స్పష్టంగా పడింది. ఇప్పుడు ఫోటో ఎక్కించే ముందు పెద్దది చేసి నాలుగు మూలలూ చూస్తాం, పనికిరానిది కత్తిరిస్తాం. పెట్టే ఫోటో వెడల్పు 800 పిక్సెళ్లకి తగ్గిస్తాం. ఫోన్లో చూడటానికి అది చాలు. పెద్ద సైజు ఫోటోలోంచి ఒక్క మొహం కత్తిరించుకుని మార్ఫింగ్ చెయ్యడం సులువు.

ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, ఫోటో ఎక్కడ తీశారో ఆ ఫైలు లోపలే రాసి ఉంటుంది. వాట్సాప్‌లో మామూలు ఫోటోగా పంపితే ఆ వివరం పోతుంది. క్వాలిటీ తగ్గకూడదని డాక్యుమెంటుగా పంపితే మాత్రం ఉండిపోతుంది. మా ఫోటోగ్రాఫర్ కుర్రాళ్లు డాక్యుమెంటుగానే పంపుతారు. అందుకని కెమెరా సెట్టింగుల్లో లొకేషన్ ఆపెయ్యమని రూలు పెట్టుకున్నాం. పాత ఫోటోలకి విండోస్ కంప్యూటర్లో ఫైలు ప్రాపర్టీస్ తెరిస్తే, డీటెయిల్స్ అనే చోట వ్యక్తిగత వివరాలు తీసేసే లింకు ఉంటుంది.

ఈత, గోదావరి స్నానాలు, నిద్రపోతున్న పిల్లలు, నాటకానికి బట్టలు మార్చుకునే గది, ఇవి ఎంత ముచ్చటగా ఉన్నా పెట్టం. ఏడుస్తున్న పిల్లల ఫోటో కూడా పెట్టం. ఓడిపోయి ఏడ్చిన పిల్లాడి ఫోటో వాళ్ల క్లాసులో వాట్సాప్ స్టిక్కర్ అయి నెలల తరబడి తిరుగుతుంది.

ఇంకోటి, శిబిరం జరుగుతుండగా ఫోటోలు పెట్టం. అందరూ ఇళ్లకి చేరాక, మర్నాడు పెడతాం. అమ్మాయిల వాలీబాల్ ప్రాక్టీసు ఏ రోజు, ఎన్నింటికి, ఏ మైదానంలో అన్నది సైటులో అసలు రాయం. అది తల్లిదండ్రులకి మాత్రమే చెప్పాల్సిన సంగతి.

తల్లిదండ్రులకి మొదట్లో ఇది నచ్చలేదు. "మా వాడికి ఫస్టు ప్రైజొస్తే పూర్తి పేరు, ఫోటో వెయ్యరా?" అని నిలదీశారు. ఆ ఆనందం న్యాయమైనదే, దాన్ని కాదనకూడదు. దానికి వేరే దారి చూపించాలి. ఇప్పుడు బహుమతి ఇచ్చేటప్పుడు మైకులో ఇంటిపేరుతో సహా పిలుస్తాం. అందుకుంటున్న ఫోటోని ప్రింటు తీసి కవర్లో పెట్టి ఇంటికి ఇస్తాం. సైటులో 'వ్యాసరచన, హైస్కూల్ విభాగం, ద్వితీయ బహుమతి' అని పక్కన ఒక్క పేరు ఉంటుంది, ఇంటిపేరు, స్కూలు ఉండవు. పత్రికలకి పంపే ప్రెస్ నోటుకి కూడా ఇదే పద్ధతి. దాతలతో కూడా ముందే మాట్లాడుకోవాలి. నోటు పుస్తకాలు పంచడానికి వచ్చిన పెద్దమనిషి వెంట ఆయన ఫోటోగ్రాఫర్ వస్తాడు, ఆ ఫోటోలు ఆయన పేజీలో పడతాయి. మా రూల్స్ కాగితం ఒకటి ముందురోజే వాళ్లకి ఇస్తాం. ఇంతవరకు కాదన్నవాళ్లు లేరు.

ఒప్పుకోలు కాగితం

2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండనివాళ్లంతా పిల్లలే. వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిగానీ తండ్రిగానీ సంరక్షకులుగానీ ఒప్పుకోవాలి. ఒప్పుకున్నది నిజంగా వాళ్లేనని మనం సరిచూసుకోవాలి. పిల్లలు ఏం చూస్తున్నారో వెంటాడి గమనించడం, వాళ్లని గురిచేసి ప్రకటనలు చూపించడం కుదరదు. ఈ చట్టం కింద నియమాలు 2025 నవంబరులో వచ్చాయి, అందులో అసలు బాధ్యతలు అమల్లోకి రావడానికి 18 నెలల గడువిచ్చారు. పుస్తకంలో పెన్నుతో రాసుకుని తర్వాత కంప్యూటర్లో ఎక్కించినా ఇది వర్తిస్తుంది. చిన్న సంఘం కదా అని వదిలెయ్యలేం. మా సైటులో ప్రకటనల కోడు ఒకటి ఉండేది, దాన్ని తీసేశాం.

కాగితం మీద 'నాకు అభ్యంతరం లేదు' అని ఒకే వాక్యం రాసి సంతకం పెట్టించుకోవద్దు. దేనికి అభ్యంతరం లేదో విడివిడిగా అడగాలి. మా కాగితం ఇలా ఉంటుంది:

"గుంపులో ఉన్న ఫోటో సైటులో పెట్టవచ్చు: సరే / వద్దు.
ఇంటిపేరు లేకుండా పేరు పెట్టవచ్చు: సరే / వద్దు.
తను వేసిన బొమ్మ, రాసిన కథ పెట్టవచ్చు: సరే / వద్దు.
వీడియోలో కనపడవచ్చు: సరే / వద్దు.
వద్దు అన్నా పోటీలో, శిబిరంలో చేర్చుకుంటాం. ఎందుకు వద్దన్నారని అడగం. తర్వాత మనసు మారితే ఈ నంబరుకి ఒక్క ఫోన్ చెయ్యండి, మూడు రోజుల్లో తీసేస్తాం."

'ఎందుకని అడగం' అన్న మాట మా కోశాధికారి గారు పట్టుబట్టి రాయించారు. ఆవిడ అంగన్‌వాడీలో పనిచేశారు, ఇళ్ల సంగతులు ఆవిడకి తెలుసు. భర్త కొడుతుంటే పిల్లని తీసుకుని పుట్టింటికి వచ్చేసిన తల్లి ఉంటుంది. ఆ పిల్ల ఏ ఊళ్లో, ఏ స్కూల్లో చదువుతోందో మన ఫోటో చెప్పేస్తుంది. ఆ తల్లి నలుగురిలో కారణం చెప్పుకోలేదు. 'వద్దు' దగ్గర టిక్ పెడితే అంతటితో అయిపోవాలి. 'వద్దు' అన్న పిల్లల్ని ఫోటోలోంచి లేపి పక్కకి పంపకండి, అందరిలో చిన్నబుచ్చినట్టవుతుంది. వాళ్ల కార్డుకి పసుపు తాడు కడితే చాలు. ఎక్కించేటప్పుడు ఆ తాడున్న ఫోటో పక్కన పెట్టేస్తాం.

చదవడం రానివాళ్లకి కాగితం గట్టిగా చదివి వినిపించి వేలిముద్ర తీసుకోవాలి. పెద్దవాళ్లు సరే అన్నాక పిల్లని కూడా అడగాలి. ఎనిమిదో తరగతి అబ్బాయి ఒకడు నాటకంలో చీర కట్టుకుని ఆడవేషం వేశాడు, చాలా బాగా చేశాడు. ఇంట్లోవాళ్లు ఫోటోకి సరేనన్నారు, వాడు మాత్రం వద్దన్నాడు. పెట్టలేదు. ఇద్దరిలో ఎవరు వద్దన్నా వద్దనే.

వీడియోలు యూట్యూబ్‌లో పెట్టేటప్పుడు 'పిల్లల కోసం చేసినది' అన్న ఆప్షన్ ఎంచుకోండి. అప్పుడు వ్యాఖ్యలు మూతపడతాయి, చూసేవాళ్ల అలవాట్లని బట్టి వచ్చే ప్రకటనలు ఆగుతాయి.

అడగాల్సినవే అడగండి

రిజిస్ట్రేషన్ ఫారంలో ప్రతి గడి దగ్గరా 'ఇది దేనికి?' అని అడుగుతూ వెళ్లాం. పుట్టినతేదీ దేనికి? విభాగం తెలియడానికి. దానికి తరగతి చాలు. తండ్రి పేరు దేనికి? ఒకే పేరున్న ఇద్దరుంటే తేడా తెలియడానికి. దానికి వరస నంబరు చాలు. ఆధార్ జిరాక్స్ దేనికి? ఎవరూ జవాబు చెప్పలేకపోయారు. ఎప్పటినుంచో అడుగుతున్నాం కాబట్టి అడుగుతున్నాం. తీసేశాం.

గూగుల్ ఫారం పెడితే, జవాబులు పడే షీటు 'లింకు ఉన్న ఎవరైనా చూడొచ్చు' అని ఉందేమో చూడండి. ఆ షీటు లింకు ఒకసారి వాట్సాప్ గ్రూపులో పడిందంటే ఇక ఎవరి దగ్గరుందో లెక్క ఉండదు. ఇద్దరికే అనుమతి ఇవ్వండి, పేరుపేరునా. కార్యక్రమం అయిన నెలకి షీటు తొలగించాలి. ఎవరు తొలగించారో, ఏ తేదీనో మినిట్స్ పుస్తకంలో రాసి సంతకం పెడతారు మావాళ్లు. జిరాక్స్ షాపు నడిపే మనిషిగా ఇంకోమాట: కాగితాలని కూడా చింపి పారెయ్యండి. తప్పు పడిన కాపీల్లో బజ్జీలు పొట్లం కట్టిన సంగతి నాకు తెలుసు.

పెద్దవాళ్లు పిల్లలతో మాట్లాడే పద్ధతి

ఇది రాసేటప్పుడు కమిటీలో కొందరికి కష్టమనిపించింది. "మమ్మల్ని అనుమానిస్తున్నారా?" అన్నారు. మా అధ్యక్షులు మాస్టారు ముప్పై ఏళ్లు బళ్లో పనిచేసినవారు. ఆయన, "మొదట ఈ రూలు నాకే పెట్టండి" అన్నారు. అంతటితో చర్చ ముగిసింది. రూలు అందరికీ ఒకటే అయితే ఎవరినీ వేలెత్తి చూపినట్టు కాదు.

సంఘంలో పెద్దవాళ్లెవరూ ఏ పిల్లతోనూ విడిగా మెసేజ్‌లు పెట్టుకోకూడదు. చెప్పాల్సింది తల్లిదండ్రుల నంబరుకి చెప్పాలి. తప్పనిసరైతే ఇంకో పెద్దమనిషిని కలిపిన గ్రూపులో చెప్పాలి. రాత్రి ఎనిమిది దాటాక ఏ సందేశమూ పంపం. పిల్లల ఇన్‌స్టా ఖాతాలకి రిక్వెస్టులు పెట్టం, వాళ్లు పెడితే ఒప్పుకోం. సంఘం తరఫున ఎవరూ ఎప్పుడూ పిల్లల్ని ఫోటో పంపమని, ఓటీపీ చెప్పమని, డబ్బు కట్టమని ఫోన్లో అడగరు. ఈ చివరి వాక్యాన్ని సైటు మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో పెట్టాం. అది ముందే ఉండి ఉంటే, ఆ పిల్ల రెండో కాల్ దాకా వెళ్లేది కాదు.

వాట్సాప్ గ్రూపులో చేరిన అందరికీ అందరి నంబర్లూ కనపడతాయి. అందుకే పిల్లల నంబర్లతో గ్రూపు పెట్టం. తల్లిదండ్రుల గ్రూపులో అడ్మిన్లు మాత్రమే రాసేలా సెట్టింగు పెట్టాం.

సైటు తాళాలు ఎవరి దగ్గరున్నాయి

డొమైన్, అంటే సైటు అడ్రసు, ఎవరి పేరు మీద ఉందో, ఎప్పుడు రెన్యువల్ చెయ్యాలో ఇవాళే చూడండి. మాది సైటు కట్టిన అబ్బాయి సొంత మెయిల్ మీద ఉంది, అతను ఉద్యోగానికి బెంగళూరు వెళ్లిపోయాడు. గడువు దాటితే ఆ అడ్రసుని ఎవరైనా కొనుక్కోవచ్చు. పాత సంఘం పేరు మీద బెట్టింగ్ పేజీ పెట్టుకుంటారు. పిల్లలు ఆ అడ్రసు నమ్మి తెరుస్తారు. సంఘం పేరుతో ఒక మెయిల్ తెరిచి, డొమైన్ దానికి మార్పించండి. రెండంచెల లాగిన్ పెట్టండి. పాస్‌వర్డ్ ఇద్దరి దగ్గరే ఉండాలి. పదవి దిగిపోయినవాళ్ల లాగిన్ అదే రోజు తీసెయ్యాలి.

ఏదైనా జరిగితే

ఈ భాగాన్నే మేం అన్నిటికన్నా ఎక్కువసేపు రాశాం, నాలుగుసార్లు మార్చాం.

మొదటి రూలు: చెప్పిన పిల్లకి శిక్ష ఉండదు. తిట్టకూడదు, ఫోను లాక్కోకూడదు, శిబిరం మాన్పించకూడదు. ఫోను లాక్కున్నారని తెలిస్తే మిగతా పిల్లలెవరూ నోరు విప్పరు. తల్లిదండ్రులకి కూడా కాగితం మీద ఇదే రాసిచ్చాం.

రెండోది, ఆధారం. నేను ఆ రోజు కంగారులో ముందు పీడీఎఫ్ తీసేశాను. సచివాలయం మహిళా పోలీసుని వెంటబెట్టుకుని స్టేషన్‌కి వెళ్లాక, "సైటులో ఏం ఉండేది, ఏ రోజు నుంచి ఉంది?" అని అడిగారు. ఫైలు నా కంప్యూటర్లో ఉండబట్టి సరిపోయింది. ముందు పేజీ అడ్రసు, తేదీ, టైము కనపడేలా స్క్రీన్‌షాట్ తీసి, తర్వాత తొలగించాలి. కాల్స్ జాబితా, మెసేజ్‌లు చెరపకూడదు, వాడి నంబరు బ్లాక్ చేసే ముందే ఇవన్నీ దాచాలి.

ఒక్క విషయంలో మాత్రం స్క్రీన్‌షాట్ తియ్యకూడదు. పిల్లల అసభ్య చిత్రమో వీడియోనో కనపడితే దాన్ని దాచుకోవద్దు, ఎవరికీ పంపొద్దు, 'చూడండి ఎంత ఘోరమో' అని కమిటీ గ్రూపులో కూడా పెట్టొద్దు. పంపడం, దగ్గర ఉంచుకోవడం ఐటీ చట్టం 67బి సెక్షన్ కింద, పిల్లలపై లైంగిక నేరాలకి సంబంధించిన పోక్సో చట్టం కింద నేరాలు. ఆ పేజీ అడ్రసు, ఖాతా పేరు, టైము కాగితం మీద రాసుకుని పోలీసులకి ఇవ్వండి. అలాంటి చిత్రం పిల్లల ఫోన్‌కే వచ్చి ఉంటే ఆ ఫోన్‌ని అలాగే అప్పగించండి.

మూడోది, ఎవరికి చెప్పాలి. పిల్లల సహాయానికి 1098, రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు పడదు. డబ్బు పోతే వెంటనే 1930. ప్రాణాపాయమైతే 112. ఆన్‌లైన్ ఫిర్యాదుకి కేంద్ర హోంశాఖ సైబర్‌క్రైమ్ పోర్టల్ ఉంది, పిల్లల చిత్రాల గురించైతే పేరు చెప్పకుండా కూడా ఫిర్యాదు ఇవ్వొచ్చు. తన నగ్న ఫోటోనో అసభ్య ఫోటోనో బయటపెడతామని ఎవరైనా బెదిరిస్తుంటే, 18 లోపు పిల్లలకి 'టేక్ ఇట్ డౌన్' అనే ఉచిత సేవ ఉంది, తప్పిపోయిన, వేధింపులకి గురైన పిల్లల కోసం పనిచేసే అమెరికా సంస్థ ఎన్‌సీఎంఈసీ దాన్ని నడుపుతుంది. ఫోటో మన ఫోన్లోంచి కదలదు. దాని వేలిముద్ర లాంటి కోడు ఒకటి మాత్రం వెళ్తుంది. అందులో చేరిన వేదికలు ఆ కోడుతో పోల్చి చూసి తీసేస్తాయి.

నాలుగోది మా ఊళ్లాంటి ఊళ్లకి ముఖ్యమైనది. పిల్ల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినా, జరగబోతోందని భయమున్నా పోలీసులకి చెప్పి తీరాలి. 2012 పోక్సో చట్టం 19వ సెక్షన్ అది. చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థ బాధ్యుడై ఉండి తన కింద పనిచేసేవాడి సంగతి దాస్తే ఏడాది దాకా. పెద్దమనుషులు కూర్చుని, పది మందిలో పరువు పోతుందని, చేసినవాడి చేత క్షమాపణ చెప్పించి సర్దుబాటు చెయ్యడానికి అందులో చోటు లేదు. మా రూల్స్‌లో 'ఇలాంటి విషయం కమిటీలో చర్చించం, 24 గంటల్లో ఫిర్యాదు ఇస్తాం' అని రాశాం. చర్చకి పెడితే బంధుత్వాలు అడ్డమొస్తాయి.

తల్లిదండ్రులు స్టేషన్ అంటే భయపడతారు. వాళ్లకి అదే పోక్సో చట్టం 24వ సెక్షన్ చదివి వినిపించండి. పిల్ల వాంగ్మూలం ఇంట్లోనే, లేదా తను కోరిన చోట తీసుకోవాలి. వీలైనంత వరకు ఎస్సై హోదా తగ్గని మహిళా అధికారి, యూనిఫాం లేకుండా రావాలి. రాత్రిపూట పిల్లని స్టేషన్లో ఉంచకూడదు. ఆ అమ్మాయి తల్లి ఇది విన్నాకే మాతో బయల్దేరింది.

ఐదోది: పిల్ల పేరు, స్కూలు, వీధి బయటికి రాకూడదు. మీడియాలో బయటపెట్టడం చట్టరీత్యా నేరం. సానుభూతితో పెట్టినా పిల్లకి జరిగే నష్టం ఒక్కటే.

కాగితం మీద పెట్టడం

ఇవన్నీ కలిపితే ఒకటిన్నర పేజీ దాటనివ్వకండి. సర్వసభ్య సమావేశంలో గట్టిగా చదివి తీర్మానం చెయ్యండి. సైటులో పెట్టండి, ఆఫీసు గోడ మీద పెద్ద అక్షరాలతో అంటించండి. మాకు పిల్లలే ఇంకో కాగితం రాసుకున్నారు. 'ఎవరైనా అమ్మకి చెప్పొద్దంటే, ముందు అమ్మకే చెప్పాలి' అన్న వాక్యం ఫోన్ వచ్చిన ఆ అమ్మాయి రాసింది. ఏటా జూన్‌లో బళ్లు తెరిచే ముందు ఒకసారి తిరగేస్తాం, తేదీ అడుగున మారుస్తాం.

రూల్స్ కింద ఇద్దరి పేర్లు, ఫోన్ నంబర్లు ఉండాలి, అందులో ఒకరు తప్పనిసరిగా ఆడమనిషి అయి ఉండాలి. ఇద్దరూ ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఆ నంబర్లు పనిచేస్తున్నాయో లేదో మూణ్ణెల్లకోసారి ఇంకెవరి చేతనైనా రాత్రి ఏడున్నరకి ఫోన్ చేయించి చూడండి. ఎత్తకపోతే మర్నాడే పేరు మార్చండి.